సంతకొచ్చిన టౌను హాలు

ఈ ఆదివారం మా గుల్లతిప్ప సంతకి ఇంగ్లండు నుంచి ఒక టౌను హాలు వచ్చి నిలబడి ఉంది.

నేనూ అమ్మా వెన్న గంప దించేసరికి అది అప్పటికే వచ్చేసింది. సంత మొత్తం దాని కిందే సర్దుకుంటోంది. ఎవరూ కంగారు పడటం లేదు. ఎండాకాలంలో నీడ వస్తే, ఎక్కడి నుంచి వచ్చావని మా ఊళ్ళో ఎవరూ అడగరు.

ఇంగ్లండుదని ఎలా తెలుసంటే, దాని పెంకుల మీద అక్కడి వాన ఇంకా ఆరలేదు. చూరు నుంచి చుక్కలు రాలుతున్నాయి. నేలకి తగలకముందే మా ఎండ వాటిని తాగేస్తోంది.

"ఇంత పెద్ద మంచె ఎవరేశారబ్బా," అంటోంది ఎండుచేపలమ్మే లంకమ్మత్త. "దీని మీద కూచుంటే బందరు దాకా పిట్టల్ని తోలొచ్చు."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. మంచె లాగే కింద అంతా ఖాళీ, పైన గది. కాకపోతే మంచెకి నాలుగు గుంజలే ఉంటాయి, దీనికి స్తంభాలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒక్కో స్తంభం ఒక్కో చెట్టు. ఓక్ చెట్టుని నేను పుస్తకంలో బొమ్మగానే చూశాను. చెయ్యి ఆనిస్తే మా గేదె మెడలా చల్లగా, గరుకుగా ఉంది. ప్రతి స్తంభమూ పైకి వెళ్ళాక రెండు చేతులు చాపి, మోచేతులు వంచి, పై గదిని ఎత్తి పట్టుకుంది. ఆ గది స్తంభాల దగ్గరే ఆగిపోలేదు. మనిషి కంటే నెత్తి మీది తట్ట వెడల్పుగా ఉన్నట్టు, నాలుగు వైపులా బయటికి పొడుచుకొచ్చింది. అలా ముందుకొచ్చిన మేరే మా నీడ.

మేకు ఒక్కటి లేదు. దూలాన్ని దూలంలోకి దూర్చి చెక్క సీలలు బిగించారు. దూలాల మధ్య తెల్లటి గోడ. అది ఒకచోట పెచ్చు ఊడింది. లోపలికి తొంగి చూస్తే తడిక, తడిక మీద గడ్డి కలిపిన మట్టి. మా పాక గోడలకి అమ్మ మెత్తేదీ అదే. అంత దూరం నుంచి వచ్చినదాని లోపల మా గోడ కనపడితే నాకు సిగ్గుగా ఉంది. నా గురించి ఎవరో మంచిగా చెప్పుకుంటుంటే తలుపు వెనక నిలబడి విన్నట్టు ఉంది.

అమ్మది సంతలో ఆఖరి గంప. ఇక్కడ చోట్లు సంతలో చేరిన వరసలో ఉంటాయి. మేము అందరికన్నా తర్వాత చేరాం కాబట్టి, రేకుల పందిళ్ళన్నీ అయిపోయాక, రోడ్డు మలుపులో, ఎండలో కూర్చుంటాం. పొద్దెక్కేసరికి వెన్న కారిపోతుంది. పోయిన వేసవిలో అమ్మే కారిపోయింది. వడదెబ్బ తగిలి గంప మీదికి ఒరిగితే, నీళ్ళు, నీళ్ళు అని అరిచాను. నా అరుపు పక్క గంప దాకా కూడా వెళ్ళలేదు.

నా గొంతు నా జడ దాటి పోదు. బళ్ళో హాజరు పిలిచినప్పుడు ఉన్నాను సార్ అంటాను, సారు లేనని వేస్తారు. ఆ ప్రకారం నేను ఎనిమిదో తరగతిలో చాలా రోజులు లేను. లేనిదాన్ని ఎవరూ ప్రశ్నలు అడగరు కాబట్టి అది నాకు బాగానే ఉంది.

ఈ రోజు హాలు నీడ మా మలుపు దాకా వచ్చింది, అమ్మ నెత్తిన కొంగు కప్పుకోలేదు. తామరాకు మీద వెన్న ముద్ద అంచులు చెదరకుండా, కొత్త సబ్బుబిళ్ళలా నిలబడి ఉంది. అమ్మ దాన్ని వేలితో నొక్కి చూస్తోంది. మళ్ళీ నొక్కుతోంది.

"నాంచారీ, ఇది కరగటంలా," అంటుంది అమ్మ, వెన్న తప్పు చేస్తున్నట్టు.

"కరగదు," అంటుంది ఒక గొంతు మా తల మీది నుంచి. "వెన్న కరగకూడదనే నన్ను కట్టింది."

మాకు దగ్గరగా ఉన్న స్తంభం చివర, పై గదిని మోసే చెక్కలో ఒక మొహం చెక్కి ఉంది. దాని నోట్లోంచి ఆకులు రెండు పక్కలకీ అల్లుకుని వస్తున్నాయి, అవీ చెక్కవే. మాట్లాడటానికి ముందు నాలుకతో ఆ ఆకుల్ని పక్కకి తోసుకుంటోంది. సంతలో మిగతావాళ్ళు దాన్ని దిష్టి బొమ్మ అనుకుని దణ్ణం పెట్టి వెళ్తున్నారు.

"మీకు మా మాట వచ్చా?" అని అడుగుతాను. చెక్కతో మాట్లాడటానికి నాకు సిగ్గు లేదు.

"ఏ సంత మీద నిలబడితే ఆ సంత మాటే వస్తది. నా కాళ్ళు బోలు, మాటలు పైకెక్కుతయ్."

వెన్న కోసం ఎందుకు కట్టారని అడుగుతాను. ఆ మొహం తాపీగా చెబుతుంది. అక్కడ ఆడవాళ్ళు పల్లెల నుంచి వెన్న తెచ్చేవాళ్ళు. ఊరి పెద్దలు ముందు ఆ వెన్నకి నీడ కట్టారు. గాలి ఎటు నుంచి వచ్చినా ఆగకుండా పోవాలని కింద గోడలు పెట్టలేదు. అంత నీడ కట్టాక దాని మీద చోటు మిగిలింది. మిగిలిన చోటు ఎందుకు పాడు చెయ్యాలని, పెద్దలు తమ కోసం పైన గది వేసుకున్నారు.

నేను ఆ పెద్దల గురించి ఆలోచిస్తాను. పైన కూర్చుని పన్నులూ తగవులూ మాట్లాడుకునేవాళ్ళ కాళ్ళ కింద వెన్న ఉంది. ఎవరైనా గట్టిగా కాలు నేలకేసి కొడితే కింద ముద్దలు అదురుతాయి. అందుకని వాళ్ళు మెల్లగా మాట్లాడి ఉంటారు. ఒక కట్టడం మనుషుల్ని అలా మెల్లగా మాట్లాడేట్టు చెయ్యగలదంటే నాకు ఆ కట్టడం చాలా గొప్పగా కనిపిస్తుంది.

ప్రెసిడెంటు నాగమోహనం గారు మోటారు సైకిలు మీద వస్తున్నారు. మెడలో దండ ఉంది. ఎవరో వేసింది కాదు, ముందు జాగ్రత్తగా తానే వేసుకొచ్చారు. హాలు చుట్టూ ఒకసారి తిరిగి, "పంచాయతీ ఆఫీసుకి సరిపోద్ది," అంటారు. "గృహప్రవేశం కానిచ్చేద్దాం."

మా ఊళ్ళో కొత్త కప్పు కనిపిస్తే ముందు ఆవుని పంపి, లోపల పాలు పొంగిస్తారు. ఆ కప్పు ఎక్కడి నుంచి వచ్చినా అంతే. ప్రెసిడెంటు గారి కపిలావు ముందు నడుస్తుంది. దాని వెనక ఊరు, ఊరి వెనక నేను.

మెట్లు రాతివి. ఒక్కో మెట్టు మధ్యలో అరిగి అరిగి దొప్పలా గుంట పడింది. ఎంతమంది పాదాలో ఆ గుంటలో ఉన్నాయి. ఆవు ఆ గుంటల్లోనే గిట్టలు పెట్టుకుంటూ, మెట్లు తనకోసమే అరిగినట్టు ఎక్కుతోంది. గోడకి ఒక ఇనుప గజం బిగించి ఉంది. బట్టల వ్యాపారి దగ్గర కొలత తేడా వచ్చిందని అనుమానం ఉంటే ఆడవాళ్ళు వచ్చి బట్టని ఈ గజానికి పెట్టి చూసుకునేవాళ్ళట. న్యాయాన్ని గోడకి బిగించి, ఎవరు పడితే వాళ్ళు ముట్టుకునే ఎత్తులో పెట్టారు. లంకమ్మత్త తన కొంగు పెట్టి చూసుకుంటుంది. కొంగు సరిగ్గానే ఉంది.

పై గది చూసి నేను గుమ్మంలో ఆగిపోతాను. కప్పు, బోర్లించిన పడవ. మా రేవులో మరమ్మతు కోసం బోర్లించిన నావ కింద దూరితే ఎలా కనిపిస్తుందో అలాగే, వంపు తిరిగిన పక్కటెముకలు నడిమి దూలం దగ్గర కలుసుకుంటున్నాయి. ఏ ఎముకా ఇంకో ఎముక లాగా లేదు, అయినా అన్నీ ఒకే ఊపిరి పీలుస్తున్నాయి. కిటికీల్లో చిన్న చిన్న పలకల అద్దాలు, సీసం పట్టీలతో అతికినవి. ప్రతి అద్దంలోనూ అలలున్నాయి. ఒక అద్దంలోంచి చూస్తే మా సంత, పక్క అద్దంలోంచి చూస్తే అదే సంత కొంచెం సంతోషంగా ఉంది. గోడల మీద పెద్ద పెద్ద పటాలున్నాయి. పటాల్లో పెద్దమనుషులు లేరు, వాళ్ళు కూర్చున్న కుర్చీలు మాత్రమే ఉన్నాయి. కుర్చీల మీద గుంటలు ఇంకా వెచ్చగా గీసి ఉన్నాయి.

మూడు ఇటుకలు పెట్టి పాలు పొంగిస్తున్నారు. పాలు తూర్పుకే పొంగుతున్నాయి. అందరూ శుభం అంటున్నారు. పొంగిన పాలు నేల పలకల సందుల్లోంచి కిందికి తెల్లటి దారాల్లా దిగుతున్నాయి. కింద కూరగాయలవాళ్ళు చేటలు అడ్డం పెట్టుకుంటున్నారు.

నేను దిగివచ్చేసరికి చెక్క మొహం ఆకులు నములుతోంది. అది దిగులుగా ఉన్నప్పుడు చేసే పని అనుకుంటాను.

"పాలు బాగా పొంగాయి," అంటాను.

"పొంగినయ్. మంచి పాలు. కానీ మీవాళ్ళు పొరపాటు పడ్డారు. వాళ్ళు నాలోకి వచ్చారు. నేనింకా వాళ్ళలోకి రాలేదు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పడుతుంది. అర్థమయ్యాక చాలా తేలికగా ఉంది. పాలు పొంగించడం మనం ఒక ఇంటికి వెళ్ళినప్పుడు. ఇక్కడ ఇల్లే మన దగ్గరికి వచ్చింది. వచ్చినవాళ్ళని రమ్మని నోటితో పిలవాలి. పిలవని పేరంటానికి ఎవరూ కూర్చోరు, నిలబడి వెళ్ళిపోతారు.

"పిలవకపోతే?"

"సంత ఎత్తేసేటప్పటికి పోతాను. ఇదివరకు నిలబడ్డ ఊళ్ళలో కూడా పిలవలేదు. ఒక ఊళ్ళో నా గంట ఉండిపోయింది. ఇంకో ఊళ్ళో గడియారం పెద్ద ముల్లు. పిలవని చోట నాలో ఏదో ఒకటి రాలిపోద్ది. ఈసారి వంతు నీడది."

నేను కప్పు మీది చిన్న గోపురం వైపు చూస్తాను. గడియారానికి ఒక్కటే ముల్లు. పక్కన గంట ఉండాల్సిన చోట గాలి వేలాడుతోంది.

"నీడ పోతే?"

"పటంలో ఇంటికి నీడ ఉండదు గదా. అట్టా ఉంటాను. చూడొచ్చు. కింద కూచోలేరు."

అమ్మ అప్పుడే ఒక ముద్ద అమ్మి, ఇంకో ముద్ద ఆకు మీదికి తీస్తోంది. ఆమె మెడ మీద చెమట లేదు. నేను ఎప్పుడూ చూడని అమ్మ మెడ అది, ఆరిపోయి, వయసు తక్కువగా.

మెల్లగా గమనిస్తే నీడ ఇప్పటికే సర్దుకుంటోంది. అంచుల దగ్గర ఒక మూల మడత పడింది, దుప్పటి మడిచేటప్పుడు మొదటి మడతలాగా. మడత పడిన చోట కూర్చున్న టమాటాలామె ఎండలోకి వచ్చేసి, గొణుక్కుంటూ లోపలికి జరుగుతోంది.

విషయం నేను అమ్మకి చెబుతాను, అమ్మ లంకమ్మత్తకి చెబుతుంది, లంకమ్మత్త చెబితే ఇక ఊరందరికీ చెప్పినట్టే.

"దానిదేముంది, పిలుద్దాం," అంటారు ప్రెసిడెంటు గారు.

దానికి ఒక పద్ధతి ఉందని చెక్క మొహం చెబుతుంది. హాలు ముందువైపు పై గదికి చిన్న చెక్క బాల్కనీ ఉంది. ఏ మాటైనా అక్కడి నుంచే చెప్పాలి. సంతలో ఆఖరి గంప దగ్గర కూర్చున్న మనిషికి ఆ మాట వినపడితే అది ఊరి మాట. వినపడకపోతే అది చెప్పినవాడి గొణుగుడు.

ప్రెసిడెంటు గారు మైకు తెప్పిస్తారు. బాల్కనీలోకి వెళ్ళి, హలో, హలో, మైకు టెస్టింగ్ అంటారు. మాట మా దాకా బాగానే వస్తుంది. అవనిగడ్డ దాకా కూడా పోయే ఉంటుంది.

"అది డబ్బా గొంతు," అంటుంది చెక్క మొహం. "డబ్బా వచ్చి ఉండమంటే డబ్బాతో ఉండాలి నేను."

మైకు తీసేస్తారు. మైకు లేకుండా ప్రెసిడెంటు గారి నోరు కదులుతుంది కానీ ఏమీ రాదు. చాలా ఏళ్ళుగా ఆయన గొంతు మైకులోనే ఉంటోంది, అది ఆయనకీ ఇప్పుడే తెలుస్తోంది. ఆయన దండ తీసి ఆవు మెడలో వేసి దిగి వస్తారు.

"నువ్వెల్లు రాఘవమ్మా," అంటుంది లంకమ్మత్త మా అమ్మతో. "వెన్నో అని నువ్వు కేకేస్తే రేవులో పడవలు ఎనక్కి తిరుగుతయ్ గదా."

"నేనెల్తే ఇనేదెవరు? ఆఖరి గంప నాదేగా," అంటుంది అమ్మ.

అది నిజం.

లంకమ్మత్త తనే వెళ్తానని కొంగు బిగిస్తుంది. కానీ ఇంకో చిక్కు వస్తుంది. మా ఊళ్ళో వరస కలపకుండా ఎవరినీ పిలవరు. ఊరికి కొత్తగా వచ్చిన బస్సు కండక్టరు కూడా మొదటి రోజు సాయంత్రానికి ఎవరికో బాబాయి అయిపోతాడు. మరి టౌను హాలు మనకి ఏమవుతుంది?

"దొరగారూ అంటే సరి," అంటారు ప్రెసిడెంటు గారు. ఇప్పుడు ఆయన గొంతు పక్కవాళ్ళకి మాత్రమే వినపడుతోంది.

ఆ మాటకి పైన ఒక కిటికీ దానంతటదే మూసుకుంటుంది.

"చూశారా, కోపమొచ్చింది," అంటుంది లంకమ్మత్త. "దొరా అంటే పని చెప్పేవాడొస్తాడు గానీ నీడిచ్చేవాడొస్తాడా? పాతదేగా, తాతా అందాం."

"తాతైతే ఈపాటికి చుట్ట అడిగేది," అంటుంది అమ్మ.

లంకమ్మత్త పైకి వెళ్ళి తాతా అని పిలుస్తుంది, మామా అని పిలుస్తుంది, చివరికి మనసు ఊరుకోక అల్లుడా అని కూడా పిలుస్తుంది. అన్నీ అమ్మకి వినపడుతూనే ఉన్నాయి. హాలు మాత్రం కదలదు. తనది కాని పేరు విన్నవాళ్ళలా మర్యాదగా నిలబడి ఉంది. ఈలోగా నీడ సగం దాకా మడత పడిపోయింది. ఎండ అమ్మ పక్క గంప మీదికి వచ్చింది.

"నువ్వెళ్ళు పిల్లా," అంటుంది చెక్క మొహం నాతో.

"నా గొంతు అమ్మకి వినపడదు."

"పొద్దుటి నుంచి నన్ను చూసింది నువ్వొక్కదానివే. మిగతావాళ్ళు నా నీడని చూశారు. చూడనివాళ్ళకి నేనేమవుతానో ఎట్టా తెలుస్తది?"

నాకు ఏడుపు వస్తోంది. అమ్మ నా వైపు చూడదు. వెన్న ముద్ద వైపు చూస్తోంది, దాని ఒక అంచు మెత్తబడింది. నేను వెళ్తాను.

పై గది ఇందాకటి కంటే పొడుగ్గా ఉంది. ఇవతల గుమ్మం, అవతల బాల్కనీ. నేను ఒక అడుగు వేస్తే గది రెండు అడుగులు పెరుగుతుంది. నాకు భయం వేసిన కొద్దీ నేల పలకలు ఒకదాని పక్కన ఒకటి పుట్టుకొస్తున్నాయి. పటాల్లో కుర్చీలు అన్నీ నావైపు తిరిగాయి. ఆవు గది మధ్యలో పడుకుని నెమరు వేస్తోంది, దాన్ని దాటడానికే చాలా సేపు పడుతుంది.

ఇక అక్కడికి చేరలేనని తెలిశాక తల ఎత్తి కప్పు చూడటం మొదలుపెడతాను. ఏం చేసినా చేరలేనప్పుడు చూడటంలో తప్పు లేదు. దూలాల మీద వడ్రంగి ఉలితో చిన్న గీతలు గీశాడు, ఏది ఎందులో దూరాలో గుర్తుకి. ఆ గీతల్ని మళ్ళీ ఎవరూ చూడరని అతనికి తెలుసు, అయినా తిన్నగా గీశాడు. రెండు దూలాలు కలిసేచోట, చీకట్లో, ఎవరికీ కనపడని ఎత్తులో ఒక చిన్న పువ్వు చెక్కాడు. ఆ పువ్వుకి రేకులన్నీ ఉన్నాయి. ఎవరూ వినకపోయినా పూర్తిగా చెప్పిన మాటలా ఉంది అది.

చూస్తూ నడుస్తుంటే నా నడుముకి చెక్క కటకటాలు తగులుతాయి. నేను బాల్కనీలో ఉన్నాను. గది పెరగడం ఎప్పుడో మానేసింది.

కింద సంత. చివరన అమ్మ. నీడ ఇప్పుడు చేటంత ఉంది, అమ్మ దాంట్లో ముడుచుకుని కూర్చుని, తన ఒంటి కంటే ముందు వెన్న గంపని నీడలోకి తోస్తోంది.

"అయ్యా," అంటాను. ఆ మాట నా పెదవి దాటి, తిన్నగా కిందికి కోడి ఈకలా పడి, ప్రెసిడెంటు గారి భుజం మీద వాలుతుంది. ఆయన దాన్ని దులుపుకుంటారు.

ఈసారి గట్టిగా, "ఉండండి," అంటాను. అది ఎండుచేపల దాకా వెళ్తుంది. చేపలు తలలు తిప్పి చూస్తాయి. అంతే.

"ఏంటే, వినపళ్ళా," అంటుంది అమ్మ దూరం నుంచి. నాతో ఆమె ఎక్కువసార్లు అనే మాట అదే.

కటకటాలు పట్టుకుని కిందికి వంగి చూస్తాను. కింద నుంచి కనపడనిది ఇక్కడి నుంచి కనపడుతోంది. హాలు తిన్నగా లేదు. దాని ముందువైపు అంతా అమ్మ వైపుకి ఒరిగి ఉంది. స్తంభాలు నొప్పి పెడుతున్నా, మోచేతులు ఇంకా చాపి, మిగిలిన కొంచెం నీడనీ ఆఖరి గంప మీదే పట్టి ఉంచుతోంది. అమ్మ వెనక నిలబడి, అడగకుండా, తన బరువు ఆమె మీద పడనివ్వకుండా. అమ్మకి ఆ పని చేసేవాళ్ళు ఎవరూ లేరు. అలాంటి మనిషి ఒకామె ఉంటే నేను ఏమని పిలిచేదాన్నో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఇంకొకటి కూడా తెలుస్తోంది. ఇప్పటిదాకా పిలిచినవాళ్ళందరూ సంత వైపు తిరిగి పిలిచారు. పిలవాల్సింది సంతని కాదు.

నేను సంతకి వీపు పెడతాను. గది వైపు తిరుగుతాను. బోర్లించిన పడవ కింద చల్లటి చీకటి ఉంది. ఇంట్లో పొయ్యి దగ్గర ఉన్న మనిషిని గుమ్మంలోంచి పిలిచినట్టు, నా గొంతుతోనే, అది ఎంత ఉందో అంతే గొంతుతో అంటాను.

"పెద్దమ్మా, మా ఊళ్ళో ఉండిపో."

మాట కప్పులోకి ఎక్కుతుంది. మొదటి పక్కటెముక దాన్ని అందుకుని రెండోదానికి ఇస్తుంది. ఈ గది కేకలు వేసేవాళ్ళ కోసం కట్టింది కాదు. వెన్న అదరకుండా మెల్లగా మాట్లాడేవాళ్ళ కోసం కట్టింది, మెల్లటి మాటని ఏం చెయ్యాలో దీనికి తెలుసు. ఎముక నుంచి ఎముకకి నా మాట పెద్దదవుతూ, నడిమి దూలం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, అన్ని కిటికీల్లోంచీ ఒక్కసారే బయటికి వెళ్తుంది. మూసుకున్న కిటికీ కూడా తెరుచుకుంటుంది. నా జడ ముందుకి ఎగురుతుంది.

కింద సంత ఆగిపోతుంది. త్రాసులు ఆగుతాయి.

"ఆఁ," అంటుంది అమ్మ, రోడ్డు మలుపు నుంచి. "వినపడింది."

హాలు కూర్చుంటుంది. చాలా దూరం నడిచి వచ్చిన మనిషి మోకాళ్ళ మీద చేతులు వేసుకుని కూర్చున్నట్టు, అన్ని చెక్క సీలలూ ఒకసారి మూలిగి ఊరుకుంటాయి. మడత పెట్టిన నీడ విప్పుకుని పందిళ్ళ మీదికీ, రోడ్డు మీదికీ, ఆవు పేడ మీదికీ పరుచుకుంటుంది. వెన్న ముద్ద మెత్తబడిన అంచు మళ్ళీ గట్టిపడుతుంది.

ఒక్కరిని పిలిస్తే చుట్టాలు ఒక్కరే రారు. గదిలో నా పక్క నుంచి ఆడవాళ్ళు నడిచి వెళ్తున్నారు. తలకి తెల్లటి గుడ్డలు, చేతుల్లో మూత వేసిన బుట్టలు. అరిగిన మెట్ల గుంటల్లోంచి ఒక్కొక్కరే లేచి కిందికి దిగుతున్నారు. వెళ్తూ వెళ్తూ ఒకామె నా చెంప తాకుతుంది, ఆమె వేళ్ళు వెన్న వాసన. వాళ్ళు వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంటున్నారు. ఆఖరి గంప ఇప్పుడు అమ్మది కాదు.

"కాస్త జరుగక్కా," అంటోంది అమ్మ పక్కామెతో. "ఇంకా వస్తన్నారు."

వరస రోడ్డు మలుపు దాటుతుంది. కరకట్ట ఎక్కి దిగుతుంది. మడ అడవి దాటి సముద్రం ఒడ్డుకి వెళ్తుంది, అక్కడ ఆగకుండా నీళ్ళ మీద కూర్చోవడం మొదలుపెడుతుంది. అల వచ్చినప్పుడు బుట్టలన్నీ కొంచెం లేచి దిగుతున్నాయి. ఏ బుట్టలోనూ వెన్న కరగడం లేదు.

కానీ హాలు కుంగుతోంది. మాది ఉప్పు నేల, మెత్తన. స్తంభాల కింది రాళ్ళు బురదలోకి దిగుతున్నాయి.

"నేల అక్కడే వదిలేసి వచ్చాను," అంటుంది కింద నుంచి చెక్క మొహం. దాని గొంతులో కంగారు లేదు. "పిలిచాక ఉండాలిగా. దాన్ని తెమ్మని ఆఖరి గంపకి చెప్పు."

నేను మళ్ళీ పడవ లాంటి కప్పు వైపు తిరిగి, నేల కావాలంటాను. ఈసారి అమ్మ ఆఁ అని పక్కామెకి చెబుతుంది, ఆమె తన పక్కామెకి చెబుతుంది. మాట గంప నుంచి గంపకి కరకట్ట దాటి, సముద్రం మీద చిన్నదవుతూ పోతుంది. ఎంతకీ ఆఖరి గంప రాదు. మేమంతా ఎదురుచూస్తాం. లంకమ్మత్త చేపలకి విసరడం ఆపేస్తుంది. బురద మొదటి మెట్టు మీదికి వస్తోంది.

ఇందాక సంత సంతోషంగా కనపడిన కిటికీ అద్దంలోంచి చూస్తాను, అందులోంచి చాలా దూరం కనపడుతుంది. వరస చివర రాళ్ళు పరిచిన ఖాళీ చోటు ఉంది. అక్కడ స్తంభాలు ఉండిన గుంటల్లో వాన నీళ్ళు నిలిచాయి. గుంటల మధ్య ఒక ముసలామె బుట్టతో ఒంటరిగా కూర్చుని ఉంది. మాట ఆమెని చేరుతుంది. ఆమె తల ఎత్తుతుంది. తొందర లేకుండా లేచి, చీపురుతో ఒకసారి ఊడ్చి, వంగి, ఆ రాళ్ళ నేల అంచు పట్టుకుంటుంది.

"జరగండమ్మా, జరగండి," అంటోంది కింద లంకమ్మత్త. "దారియ్యండి. నేలొస్తంది."

సముద్రం మీద గంపలు రెండు వరసలుగా విడిపోయి దారి ఇస్తున్నాయి. ముసలామె ఆ ఊరి నేలని చాపలా చుట్టి నెత్తిన పెట్టుకుని, ఒక చెయ్యి దానికి ఆనించి, నీళ్ళ మీద నడిచి వస్తోంది. ఆ నేల చుట్ట ఒక కొసలోంచి దీపస్తంభం తల కనపడుతోంది, దాని మీద ఒక పావురం నిద్రపోతోంది. రెండో కొసలోంచి అక్కడి సాయంత్రం చుక్కలు చుక్కలుగా సముద్రంలోకి కారుతోంది. అది పడిన చోటల్లా చేపలు పైకి వచ్చి, నీళ్ళలో చిన్న చిన్న కిటికీలు తెరిచి చూస్తున్నాయి.